పొద్దుటి మాట

రోజలిండ్ టాకెట్ నోరు విప్పిందంటే కెంటకీలో సగం ఇళ్ళలో టీవీ సౌండు పెంచేవాళ్ళు, తక్కిన సగం ఇళ్ళలో టీవీని తిట్టిపోసేవాళ్ళు. కట్టేసేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. పదహారేళ్ళుగా ఆడపిల్లల కాలేజీ బాస్కెట్‌బాల్‌కి ఆవిడదే వ్యాఖ్యానం. ఆరడుగుల పైన మనిషి. యాభై దాటినా నిటారుగా ఉంటుంది, ఎడమ కాలు మాత్రం ఈడ్చి నడుస్తుంది. రిఫరీని కళ్ళజోడు మార్చుకోమన్నది ఆవిడే. ఓడిపోయిన కోచ్ వంక చూసి, ఈయనకి చేపలు పట్టడం బాగా వచ్చట, ఆ పనేదో చూసుకోవచ్చు కదా అన్నదీ ఆవిడే. ఒకప్పుడు తను రాణిలా ఏలిన డన్‌మోర్ కాలేజీ జట్టుని కూడా వదల్లేదు. ఇది జట్టు కాదు, బస్సు కోసం నిలబడ్డ జనం అని కడిగి పారేసింది. పైగా "దాచుకోవడం నాకు చేతకాదు బాబూ, ఉన్నది ఉన్నట్టు అనేస్తాను" అని ఒక ముక్తాయింపు. జనం దానికి మురిసిపోయేవాళ్ళు.

దాచుకోవడం చేతకాదట! అసలు ఆవిడ బండి నడిచిందే దాచుకోవడం మీద. ఈ వ్యాఖ్యాతలందరికీ ఒక కట్టుబాటు ఉంది. ఆట ఉన్న రోజు పొద్దున ఖాళీ స్టేడియంలో రెండు జట్లూ వచ్చి కాసేపు ఒళ్ళు వేడెక్కించుకుని పోతాయి. తలుపులు వేసేస్తారు, పేపరువాళ్ళని రానివ్వరు, కానీ టీవీ వ్యాఖ్యాతల్ని మాత్రం లోపల కూర్చోనిస్తారు. కోచ్‌లు వాళ్ళ పక్కన చేరి కడుపులో ఉన్నదంతా చెప్పుకుంటారు. ఎవరి మోకాలు వాచింది, ఎవరు ఎవరితో మాట్లాడుకోవడం లేదు, ఏ పిల్ల పరీక్ష తప్పింది, అన్నీ. ఇదంతా పొద్దుటి మాట. కోచ్ సరేననకుండా పొద్దుటి మాట మైకులో పలకకూడదు. ఒక్కసారి పలికితే మళ్ళీ ఏ గుమ్మమూ తెరుచుకోదు. టీవీలో రోజలిండ్ జోస్యం చెప్పినట్టు మాట్లాడుతుందని జనం నోరు వెళ్ళబెట్టేవాళ్ళు గానీ, పొద్దున విన్నదాని చుట్టూ తిరిగి, దాన్ని తాకకుండా మాట్లాడటమే ఆ జోస్యం. పదహారేళ్ళలో ఆ గీత ఒక్కసారి కూడా దాటలేదు ఆవిడ.

ఆ ఫిబ్రవరిలో ఆవిడ నోట్లో పడ్డ పిల్ల కెజాయా ప్రూయిట్. డన్‌మోర్ జట్టులో రెండో ఏడాది చదువుతోంది. పడూకా ఊరి పిల్ల, తండ్రి లేడు, తల్లి లొరెట్టా బడి వంటగదిలో పనిచేస్తుంది. బంతి పట్టుకుంటే ఆ పిల్ల చూపు ఒకవైపు, బంతి ఇంకోవైపు పోయేవి. అలాంటి పిల్ల కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి వరసగా రెండు ఆటలు ఆడకుండా బెంచీ మీద కూర్చుంది. రోజలిండ్‌కి ఒళ్ళు మండింది. మైకు ముందు సాగదీసి మరీ అంది: "కళ్ళు తిరిగాయట, పాపం! గాజుబొమ్మల్ని అలమారాలో పెట్టుకోవాలి గానీ ఆటలోకి తెస్తారా ఎవరైనా? మా రోజుల్లో నేను విరిగిన కాలితో సెమీఫైనల్ ఆడాను."

విరిగిన కాలి కథ తెలియనివాళ్ళు ఆ రాష్ట్రంలో లేరు. డన్‌మోర్ వ్యాయామశాల గోడ మీద నిలువెత్తు ఫోటో కూడా ఉంది. రోజలిండ్ ఒంటికాలి మీద నిలబడి ఆఖరి బంతి వేస్తోంది, పళ్ళు బిగబట్టి ఉంది, పక్కన ఆమెని పట్టుకోవడానికన్నట్టు చేతులు చాచి డార్లీన్ స్టాంపర్. ఆ డార్లీనే ఇప్పుడు డన్‌మోర్ కోచ్. ఆ కథ విన్న ప్రతి ఆడపిల్లా తన నొప్పి బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడింది.

ఇక గాజుబొమ్మ మాట పాకిపోయింది. మా వైపు కాలేజీ పిల్లల సంగతి మీకు తెలియంది కాదు, ఎదుటి జట్టుని ఏడిపించడానికి చదువులు మానుకుని మరీ కూర్చుంటారు. కెజాయా ఫ్రీ త్రో, అంటే ఎదుటివాళ్ళ తప్పుకి దక్కిన బంతిని ఎవరూ అడ్డురాకుండా బుట్టలోకి వేయడానికి గీత దగ్గర నిలబడితే చాలు, ఎదుటి కాలేజీ కుర్రకారు మొత్తం కణతల దగ్గర వేళ్ళు గిర్రున తిప్పేవాళ్ళు. బంతి ఆ పిల్ల చెయ్యి వదలగానే అయ్యో అంటూ ఒకళ్ళ మీద ఒకళ్ళు మూర్ఛపోయినట్టు పడిపోయేవాళ్ళు. వరసలకి వరసలు. చూడ్డానికి భలే ఉండేది, కెమెరాలకి పండగ. అప్పటికి కెజాయా మూడో ఆట నుంచే బెంచీ దిగి మళ్ళీ ఆడుతోంది. చూశారా నా మాట పనిచేసింది అంది రోజలిండ్.

సీజన్ ఆఖరి శనివారం, డన్‌మోర్ వాళ్ళు విట్‌లో అనే యూనివర్సిటీ జట్టుతో ఆడటానికి వాళ్ళ స్టేడియానికి వచ్చారు. గెలిస్తే జాతీయ పోటీలకి, ఓడితే ఇంటికి. డార్లీన్‌ని కోచ్‌గా ఉంచుతారో లేదో కూడా ఆ రోజే తేలాలి. ఆట మధ్యాహ్నం. పొద్దున సాధన అయిపోయాక రోజలిండ్ కాఫీ తాగి, రెయిలింగు పట్టుకుని కిందికి దిగుతోంది. మూడు ఆపరేషన్ల కాలు, వాలు మీద అసలు మాట వినదు. లాకర్ గదికి వెళ్ళే ఆ వాలులో గోడకి ఆనుకుని కెజాయా కూర్చుని ఉంది. తల మోకాళ్ళ మధ్య పెట్టుకుంది. పెదాలు తెల్లబడ్డాయి.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"లేదు మేడమ్, షూ లేసు కట్టుకుంటున్నా."

లేసులు రెండూ కట్టే ఉన్నాయి. రోజలిండ్ పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. పెద్దామె పోకుండా నిలబడితే ఆ పిల్ల మాత్రం ఎంతసేపు దాస్తుంది? చెప్పేసింది. గురువారం బస్సులో స్పృహ తప్పింది. అంతకు ముందు సాధనలో ఒకసారి. గుండె ఉన్నట్టుండి తప్పెట కొట్టినట్టు కొట్టుకుంటుంది, ఆ తర్వాత అంతా చీకటి. ఊళ్ళో క్లినిక్ డాక్టరు చెవిపెట్టి విని, గుండెకి పెద్ద పరీక్ష చేయించమన్నాడు. సోమవారం లెక్సింగ్టన్ పెద్దాసుపత్రికి వెళ్ళాలి. కోచ్‌కి తెలుసు. అమ్మకి తెలియదు.

"మీరన్నది నిజమే మేడమ్" అంది కెజాయా, తల పైకెత్తకుండా. "నేను కాస్త గాజుబొమ్మనే. చిన్నప్పటి నుంచీ అంతే. కానీ ఇవాళ చూడండి. మా అమ్మ కూడా వస్తోంది. మీరు నా గురించి ఒక్క మంచి మాట అంటే చాలు, రికార్డు చేసి దాచుకుంటుంది." నవ్వడానికి ప్రయత్నించింది. "ఎవరికీ చెప్పకండేం. పొద్దుటి మాట కదా."

రోజలిండ్ ఏదో అనాలనుకుంది. ఏమీ తోచక ఆ పిల్ల భుజం తట్టింది, నీళ్ళు తాగమంది. ఎంత గొప్ప సలహా!

డార్లీన్ పాప్‌కార్న్ బండి పక్కన నిలబడి ఫోన్లో ఎవరినో కసురుకుంటోంది. రోజలిండ్ వెళ్ళి ఎదురుగా నిలబడేసరికి ఫోన్ పెట్టేసింది. ఒకే గదిలో నాలుగేళ్ళు, ఒకే బస్సు సీట్లో నాలుగేళ్ళు కలిసి పెరిగినవాళ్ళు. వాళ్ళ మధ్య మర్యాదలేం ఉంటాయి?

"ఆ పిల్లని ఎట్లా ఆడిస్తావే? మనిషివేనా నువ్వు?"

"చెప్పేసిందన్నమాట." డార్లీన్ మొహం మాడ్చుకుంది. "నేనేం కట్టేసి ఈడ్చుకొచ్చానా? తనే ఆడతానంది. డాక్టరు పరీక్ష చేయించమన్నాడు గానీ ఆడొద్దని కాగితం రాసివ్వలేదు."

"సోమవారం దాకా ఆగితే నీ కొంప మునుగుతుందా?"

"మునుగుతుంది. నా కొంప నిజంగానే మునుగుతుంది." గొంతు తగ్గించింది. "అయినా నన్నెందుకు అంటావ్? రెండు ఆటలు నేను కూర్చోబెట్టలేదూ? అప్పుడు గాజుబొమ్మ అన్నది ఎవరే? నువ్వన్న రోజు నుంచి ఆ పిల్ల నా కాళ్ళు పట్టుకుంటోంది ఆడించమని. ఇవాళ మళ్ళీ కూర్చోబెడితే రాష్ట్రమంతా దాన్ని చూసి మళ్ళీ పడిపడి నవ్వుతుంది. నువ్వే నవ్విస్తావ్."

రోజలిండ్‌కి మొండితనం వచ్చింది. అయితే మైకులో చెప్పేస్తానంది.

"చెప్పు" అంది డార్లీన్. "పొద్దుటి మాట బయటపెట్టినదాన్ని ఆ తర్వాత ఏ కోచ్ గుమ్మంలోకి రానిస్తాడో నేనూ చూస్తా. ఇంకోటి కూడా విను. అప్పుడు నేనూ ఒకటి చెబుతా. ఆ రాత్రి స్నానాల గదిలో ఎవరు ఏడ్చారో, ఎవరిని పట్టుకుని ఏడ్చారో చెబుతా. ముప్ఫై ఏళ్ళు నోరు మూసుకున్నాను నీకోసం."

ఆ సంగతి తెలిసింది ఆ ఇద్దరికే. సెమీఫైనల్ రాత్రి రోజలిండ్ వీరవనితలా కోర్టులోకి దూకలేదు. కాలు విరిగిందని ఆమెకి తెలుసు. అడుగు కింద పెడితే ప్రాణం పోయినట్టు ఉంది. స్నానాల గదిలో కూలబడి, నన్ను ఆడించొద్దని చెప్పవే డార్లీన్, నీ మాటయితే కోచ్ వింటాడు అని చేతులు పట్టుకుని బతిమాలింది. డార్లీన్ వెళ్ళి చెప్పలేదు. వాళ్ళ కోచ్ వచ్చి జట్టందరి ముందూ రోజలిండ్‌ని గాజుబొమ్మా అన్నాడు. ఆ మాట ఆయనది. డార్లీన్ వంగి, వాచిపోయిన ఆ కాలికి షూ ఎక్కించి లేసు బిగించింది. ఆటయితే గెలిచారు. ఆ తర్వాత రోజలిండ్ ఏనాడూ సరిగ్గా పరిగెత్తలేదు, డబ్బిచ్చి ఆడించుకునే ఏ జట్టూ ఆమెని తీసుకోలేదు. గోడ మీద ఫోటో మిగిలింది, చెప్పుకోవడానికి కథ మిగిలింది. ఆ కథే టీవీ ఉద్యోగం తెచ్చిపెట్టింది. కథలో ఏడుపు తీసేసి ధైర్యం పెట్టింది, అంతే. ఏళ్ళ తరబడి చెప్పగా చెప్పగా ఆమే నమ్మడం మొదలుపెట్టింది.

డార్లీన్ పాప్‌కార్న్ పొట్లం చెత్తబుట్టలో పడేసి, సాయంత్రం కలుద్దాం లే అని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి స్టేడియం కిక్కిరిసిపోయింది. వ్యాఖ్యాతల బల్ల కోర్టు అంచునే ఉంటుంది. రోజలిండ్ పక్కన నోలన్ వీట్‌లీ కూర్చున్నాడు. ఆట ఎట్లా సాగుతోందో ఎప్పటికప్పుడు చెప్పడం అతని పని, తీయటి గొంతు, ఎవరినీ నొప్పించడు. బయట ట్రక్కులో కూర్చుని ఇద్దరి చెవుల్లోనూ మాట్లాడేది గ్వెన్. ఏ కెమెరా ఎటు తిప్పాలో, ఎవరు ఎప్పుడు ఆపాలో అన్నీ ఆవిడే చెబుతుంది. సరిగ్గా ఎదురుగా, కోర్టుకి అవతల ముందు వరసలో, డన్‌మోర్ ఊదారంగు ఉన్ని మఫ్లరు మెడకి చుట్టుకుని ఒక సన్నటి ఆడమనిషి కూర్చుని ఉంది. రోజలిండ్ వంక చూసి చెయ్యి ఊపింది. కెజాయా ముక్కు, కెజాయా నుదురు. రోజలిండ్ కూడా చెయ్యి ఊపింది.

కెజాయా ఆ రోజు ఆడిన ఆట చూస్తే రాయి కూడా చప్పట్లు కొడుతుంది. విట్‌లో పిల్లలు వేళ్ళు తిప్పారు, వరసలుగా మూర్ఛపోయారు, ఆమె బంతి మాత్రం బుట్టలో పడుతూనే ఉంది. రోజలిండ్ కళ్ళు బంతి మీద లేవు. ఆట ఆగినప్పుడల్లా ఆ పిల్ల వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకోవడం, రొమ్ము మీద పిడికిలి ఆనించుకోవడం చూస్తోంది. ఒకసారి ఉండబట్టలేక, ప్రూయిట్ అలిసిపోయినట్టుంది, కాసేపు కూర్చోబెడితే మంచిదేమో అంది, గొంతు తేలిగ్గా పెట్టి.

నోలన్ నవ్వాడు. "రోజ్ టాకెట్ నోట జాలి మాట! ఎవరైనా కాలెండరు మీద రాసుకోండి బాబూ. ఏమ్మా, ఒంట్లో బాగుందా?"

గ్వెన్ చెవిలో నవ్వింది, గాజుబొమ్మ మాట ఇంకోసారి అను, జనం దానికోసమే చూస్తున్నారు అంది. రోజలిండ్ ఆ మాట అనలేదు. కానీ నోలన్‌తో కలిసి నవ్వింది. అలవాటైన నవ్వు, దానంతట అదే వచ్చేసింది. ఏ ముహూర్తాన అలవాటైందో గానీ, ఆ నవ్వుని తలుచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది.

హాఫ్‌టైమ్‌లో హెడ్‌సెట్ తీసి లేచింది. బల్ల చివర విట్‌లో జట్టు డాక్టరు కూర్చుని పంది మాంసం శాండ్‌విచ్ తింటున్నాడు. ఆయనతో చెబితే మైకులో చెప్పినట్టు కాదు కదా అనుకుంది. కాలీడ్చుకుంటూ వెళ్ళింది. ఆయన గబగబా చేతులు తుడుచుకుని నిలబడి, మా అమ్మకి మీరంటే పిచ్చి మేడమ్, ఒక్క ఫోటో అన్నాడు. రోజలిండ్ ఆయన భుజం మీద చెయ్యేసి ఫోటో దిగింది. కోర్టు అవతలి నుంచి డార్లీన్ తననే చూస్తోందని అప్పుడే గమనించింది. మీ అమ్మగారిని అడిగానని చెప్పండి అని వెనక్కి వచ్చేసింది. ఎంత దూరం అది? పది బారలుండదు. ఆ పది బారలు నడిచి వెళ్ళిన మనిషి నోరు మాత్రం తెరవలేకపోయింది. రాష్ట్రమంతా వాగుడుకాయ అని పిలిచే మనిషి.

రెండో సగం మొదలైంది. కెజాయా ఒకసారి బుట్ట కింద నుంచి వెనక్కి వస్తూ తూలింది. స్తంభానికి చుట్టిన మెత్త పట్టుకుని నిలదొక్కుకుంది. ఎవరూ పట్టించుకోలేదు, ఆటలో అలాంటివి మామూలే. రోజలిండ్ మాత్రం ఇక ఆగలేకపోయింది. చెప్పేయాలి అనుకుంది. ఉద్యోగం పోతే పోనీ, డార్లీన్ నోరు తెరిస్తే తెరవనీ. అనుకున్న తర్వాత ఆమె మనసు ఎంత తేలికపడిందంటే, ఇన్ని గంటలూ ఎందుకు భయపడ్డానా అనిపించింది.

అంతలో కెజాయా, విట్‌లో జట్టు పిల్ల ఒకతె బంతి కోసం గుద్దుకున్నారు. విజిల్ ఊదారు. తప్పు కెజాయాని గుద్దిన పిల్లదే, కానీ ఎంత పెద్ద తప్పో తేల్చడానికి రిఫరీలు బల్ల దగ్గర టీవీ మీద వంగి మళ్ళీ మళ్ళీ చూడటం మొదలుపెట్టారు. అలాంటప్పుడు ఆట చాలాసేపు ఆగిపోతుంది. రోజలిండ్ ట్రక్కులోకి మాత్రమే మాట పోయే బటన్ నొక్కి, గ్వెన్, నాకు కాస్త టైము కావాలి, ఆ సెమీఫైనల్ గురించి ఎప్పుడూ చెప్పనిది ఒకటి చెప్పాలి అంది. గ్వెన్ ఎగిరి గంతేసింది. అయితే ఇటు తిరుగు, వెనక ఉన్న కెమెరాకేసి కూర్చో అంది. రోజలిండ్ కుర్చీ తిప్పుకుంది. ఇప్పుడు ఆమె ముందు కెమెరా ఉంది, కోర్టు వీపు వెనక ఉంది.

ఒక్క మాట చాలు కదా. ఆ పిల్లకి గుండె జబ్బు, ఆపండి అంటే సరిపోయేది కదా. కానీ పదహారేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? మాటకి ముందు కథ ఉండాలి, కథకి ఎత్తుగడ ఉండాలి. అసలు మాట చెప్పే ముందు తనెందుకు చెబుతోందో జనానికి అర్థం కావాలనుకుంది. నన్ను క్షమించాలి కదా ముందు అనుకుంది, తనకే తెలియకుండా. కాబట్టి మొదటి నుంచి మొదలుపెట్టింది.

"విరిగిన కాలితో ఆడానని మీకు చాలాసార్లు చెప్పాను. ఆడటం ఇష్టమై ఆడలేదు నేను. ఆ రాత్రి స్నానాల గదిలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను."

నోలన్ కళ్ళు పెద్దవి చేసి ఆమె వంకే చూస్తున్నాడు. ఆపకు, ఆపకు, అద్భుతంగా ఉంది అంటోంది గ్వెన్ చెవిలో. పాత ఫోటో తెర మీద వేశారు. ఆట తెర మూలన చిన్న డబ్బాలోకి వెళ్ళిపోయింది. రోజలిండ్ కోచ్ అన్న మాట చెప్పింది, వాచిన కాలు చెప్పింది, షూ ఎక్కించిన చేతుల గురించి చెప్పింది, డార్లీన్ పేరు మాత్రం చెప్పలేదు. ఆమె నోట అంత నిజం ఎన్నడూ రాలేదని నేను ఒప్పుకుంటాను. రిఫరీలు ఈలోగా లెక్క తేల్చి, కెజాయాకి రెండు ఫ్రీ త్రోలు ఇచ్చి, ఆట మొదలుపెట్టేశారు. రోజలిండ్‌కి విజిల్ వినపడింది. ఇంకొంచెమే ఉంది, చివరికొచ్చేశాను అనుకుంది.

"గాజుబొమ్మ అనే మాట నాది కాదు, నన్నన్న మాట. దాన్ని నేను తెచ్చి ఇంకో పిల్ల మీద వేశాను. ఆ పిల్ల ఇవాళ పొద్దున..."

అప్పుడు స్టేడియం అంతా గొల్లుమంది. మామూలు నవ్వు కాదు, పైకప్పు ఎగిరిపోయే నవ్వు, దాని వెంట చప్పట్లు. నోలన్ అటు తిరిగి చూసి, తనూ నవ్వాపుకోలేక మైకులో అనేశాడు: "చూశారా! ప్రూయిట్ వాళ్ళకి జవాబు చెప్పేసింది! తనే మూర్ఛపోయి చూపించింది, భలే పిల్ల!"

రోజలిండ్ కుర్చీ తిప్పింది. గీత దగ్గర కెజాయా వెల్లకిలా పడి ఉంది. ఎదురుగా విట్‌లో పిల్లలు వరసలుగా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి, పడినచోటే ఆమె తెలివికి ఈలలు వేస్తున్నారు. వాళ్ళు పడిన క్షణానే ఆమె కూడా పడింది, ఏడిపించినవాళ్ళనే ఏడిపించిందనుకున్నారంతా. రిఫరీ నవ్వుతూ, ఇక లేమ్మా అన్నట్టు చెయ్యి ఊపుతోంది. జట్టు పిల్లలు నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్నారు. బంతి దొర్లుకుంటూ వచ్చి వ్యాఖ్యాతల బల్లకి తగిలి ఆగింది.

రోజలిండ్ హెడ్‌సెట్ లాగి పారేసింది. బల్ల ఎక్కి దూకింది, ఎడమ కాలు మడత పడింది, లేచింది. ఆడట్లేదు, ఆ పిల్ల ఆడట్లేదు అని అరుస్తూ పరిగెత్తింది. ముప్ఫై ఏళ్ళలో ఆమె పరిగెత్తడం ఎవరూ చూడలేదు. జనం దానికీ చప్పట్లు కొట్టారు. ఇదీ తమాషాలో భాగమే అనుకున్నారు. కాపలావాడు ఒకడు రెక్క పట్టుకుంటే విదిలించుకుంది. వెళ్ళి ఆ పిల్ల మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నాక గానీ నవ్వులు ఆగలేదు. అప్పుడు డాక్టరు పరిగెత్తాడు, ఆగిన గుండెని మళ్ళీ కొట్టించే యంత్రం గోడ మీది నుంచి తెచ్చారు. డార్లీన్ ఉన్నచోట ఉన్నట్టే నిలబడిపోయింది, నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుని.

దీపాలు పెట్టే వేళకి ఆసుపత్రిలో చెప్పేశారు, ఇక లేదని. డార్లీన్‌ని కాలేజీ వాళ్ళు ఎక్కడికో తీసుకుపోయారు. రోజలిండ్ ఫోన్ ఆగకుండా మోగుతూనే ఉంది. ఆమె చెప్పిన కథ అప్పటికే ఊరూరా తిరుగుతోందట, విని ఏడ్చినవాళ్ళు లెక్కలేదట, మిగతా సగం రేపు స్టూడియోకి వచ్చి చెప్పాలని గ్వెన్ సందేశం పెట్టింది. రోజలిండ్ ఫోన్ కట్టేసి కోటు జేబులో పడేసింది.

నడవా చివర బెంచీ మీద లొరెట్టా ప్రూయిట్ కూర్చుని ఉంది. ఊదారంగు మఫ్లరు విప్పి ఒళ్ళో పెట్టుకుని, దాని కుచ్చులు ఒక్కొక్కటే సరిచేస్తోంది. రోజలిండ్ వెళ్ళి పక్కన నిలబడింది. ఆ తల్లి జరిగి చోటిచ్చింది. అలాంటి వేళ కూడా జరిగి చోటిచ్చింది.

"నేనూ చప్పట్లు కొట్టాను మేడమ్" అంది లొరెట్టా. గొంతులో ఏడుపు కూడా లేదు, ఎండిపోయింది. "నా బిడ్డ వాళ్ళకి భలే బుద్ధి చెప్పిందని లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. అక్కడ అందరూ నవ్వుతూనే ఉన్నారు. మీరొక్కరే పరిగెత్తారు. మీకెట్లా తెలిసింది?"

రోజలిండ్ జీవితంలో అడగకుండానే ఎన్నో చెప్పింది. అడిగినప్పుడు చెప్పడం ఇంత కష్టమని ఆ రోజే తెలిసింది. అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది కూడా. పడిన తీరు చూసి పోల్చుకున్నాను, ఇన్నేళ్ళ అనుభవం కదా అనొచ్చు. ఎవరైనా నమ్ముతారు.

"పొద్దున చెప్పింది నాతో" అంది. "బస్సులో పడిపోయానని. గుండె సంగతి. ఎవరికీ చెప్పొద్దంది."

లొరెట్టా కుచ్చులు సరిచేయడం ఆపింది. తిడుతుందని రోజలిండ్ అనుకుంది, కొడుతుందేమో అనుకుంది, కొడితే బాగుండుననుకుంది.

"నేను పన్నెండింటికే వచ్చాను మేడమ్" అంది లొరెట్టా మెల్లిగా. "ముందు వరసలోనే కూర్చున్నాను, మీకు ఎదురుగా. చెయ్యి ఊపాను కూడా. మీరు చూశారు."